షెవర్లేలో లాడా ఇంజను

పొద్దున్నే కాఫీ తాగి, ఎదురెదురు గుమ్మాల ముందు కార్లు తుడుచుకుంటూ మాటామాటా అనుకోకపోతే ఒరేస్తెస్‌కీ, బావమరిది బసీలియోకీ తెల్లారినట్టే ఉండదు. క్యూబాలోని ఆ కమహువనీ ఊరంతటికీ అది అలవాటైన గొడవే.

బసీలియోది పందొమ్మిదివందల యాభై రెండు నాటి అమెరికా కారు షెవర్లే, వాళ్ల నాన్న కొన్నది. తొమ్మిదిమంది హాయిగా కూర్చోవచ్చు. గుంత వస్తే జానెడు పైకి లేచి, దాటాక దిగుతుంది. అందుకే నెలలు నిండిన ఆడవాళ్లంతా దాన్నే పిలుస్తారు. ఒరేస్తెస్‌ది ఎనభై నాలుగు నాటి రష్యా కారు లాడా. చెరకు నరకడంలో అందర్నీ మించినందుకు సర్కారు ఇచ్చింది. లేవదు గానీ, తాళం తిప్పగానే పలుకుతుంది. ఏది ఊడినా తీగముక్కతో సరిపెట్టొచ్చు.

"నీది కారేంటి బావా, చక్రాలున్న బిస్కెట్ల డబ్బా," అనేవాడు బసీలియో.

"డబ్బానే. నీ మహారాణిలా ముగ్గురు తోస్తే గానీ కదలననదు," అనేవాడు ఒరేస్తెస్. లోపల్లోపల మాత్రం షెవర్లే గాల్లోకి లేచినప్పుడల్లా అతని ఒళ్లు పులకరించేది.

అలాంటిది, ఒరేస్తెస్ కూతురు మరేలిస్‌కి ఎనిమిదో నెలలో షెవర్లే ఇంజను పూర్తిగా చచ్చిపోయింది. మరేలిస్‌కి అప్పటికే రెండు కాన్పులు పోయాయి. "రెండ్రోజుల్లో శాంతా క్లారా పెద్దాసుపత్రికి చేర్చండి. దారిలో కుదుపు తగిలితే మాత్రం బిడ్డ దక్కదు," అంది డాక్టరమ్మ. దారంతా గుంతలే.

ఒరేస్తెస్ లాడా మీద చెయ్యేశాడు. ముప్పై ఎనిమిదేళ్లు అన్నం పెట్టిన కారు.

"దీని ఇంజను విప్పి నీ దాన్లో పెట్టు," అన్నాడు.

"మరి నీకేం మిగుల్తుంది బావా?"

"మనవడో మనవరాలో మిగుల్తారు. విప్పు."

ఒక కారు ఇంజను ఇంకో కారుకి పెట్టడం ఆ ఊళ్లో కొత్తేం కాదు. మర్నాడు మధ్యాహ్నానికి అమర్చేశారు. తాళం తిప్పగానే షెవర్లే పలికింది. ఇద్దరే ఎక్కి నడిపి చూశారు. వీధి చివర మొదటి గుంతలోనే ధబ్బున పడింది. లేవలేదు.

తిరిగొచ్చేసరికి మరేలిస్ పెరట్లో నిలబడి, విప్పేటప్పుడు మామిడికొమ్మకి గొలుసుతో కట్టిన షెవర్లే పాత ఇంజన్ని చూస్తోంది. గొలుసు వదులుగా వేలాడుతోంది. ఇంజను దానంతటదే గాల్లో నిలబడి ఉంది.

"ఇన్నాళ్లూ లేచింది ఇదన్నమాట, మామయ్యా," అంది.

"నేనేమో కారే లేస్తోందనుకున్నాను, వెధవని," అన్నాడు బసీలియో.

నలుగురు పట్టి దాన్ని కిందికి లాగి, డిక్కీలో పెట్టి తాళ్లతో బిగించారు. లాడా ఇంజను లాగింది, షెవర్లే ఇంజను లేపింది. శాంతా క్లారా దాకా మరేలిస్ వెనకసీట్లో పడుకుని నిద్రపోయింది. ఎంత మంచి బళ్లు రెండూ, అనుకున్నాడు ఒరేస్తెస్, పైకి కూడా అనేశాడు.

మూడోనాడు ఆడపిల్ల పుట్టింది. ఆ ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఉత్త చేతులతో ఇంటికెళ్లిన ఒరేస్తెస్, ఈసారి చేతులు తిమ్మిరెక్కుతున్నా పిల్లని ఇంకెవరికీ ఇవ్వలేదు.