కూర్మమ్మ ధూపం మానేసింది

"మా ఇంట్లో సేప వాసనుంటాదేటి? సూడండి, ముక్కెట్టి సూడండి!"

కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారి సూరయ్య అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతి బేరగాడికీ ఈ సవాలు విసిరేవాడు. వాళ్ళు ముక్కుపెట్టి చూసేవారు. నిజమే, వాసన ఉండేది కాదు. ఇంటికంతటికీ ఉన్న ఒకే ఒక్క కిటికీని మూసేస్తూ లోపలిగదిలో నెత్తళ్ళ చేపల గంపలు దూలం దాకా పేర్చి ఉన్నా సరే, ఉండేది కాదు. ఇది తన సరుకు నాణ్యమని సూరయ్య సిద్ధాంతం. తన కొడుకు జాతక మహిమ అని ఆయన తల్లి లక్ష్మణమ్మ సిద్ధాంతం. ఆవిడ ఆ సిద్ధాంతంతోనే కాలం చేసింది. ఇంతటి అద్భుతానికి కారణభూతురాలు మాత్రం ఆ సమయానికి పొయ్యిలోంచి నిప్పులు తీస్తూ ఉండేది.

ఆమె సూరయ్య భార్య కూర్మమ్మ. ఆ ఇంటి వాయుమండలానికి ఏకచ్ఛత్రాధిపతి. సేనాపతి ఆమే, సైన్యం ఆమే, సైన్యానికి వండిపెట్టేదీ ఆమే. తెల్లవారకముందే పేడనీళ్ళలో పసుపు కలిపి నేల అలికేది. పొద్దెక్కాక వేపాకూ వావిలాకూ పొగ వేసేది. సాయంత్రం కొండవాళ్ళు సంతకు తెచ్చే గుగ్గిలం, కొబ్బరిపీచు నిప్పుల మీద. గుమ్మానికి తడిపిన వట్టివేళ్ళ తడక. బట్టల మడతల్లో మొగలిరేకులు. వాటి కోసం ఇసుకదిబ్బల మీది పొదల్లో ముళ్ళు గీరుకుంటూ, పాములకు ముందుగానే నమస్కారం పెట్టుకుంటూ దూరేది. ఇంత రాజ్యంలోనూ కప్పం కట్టే సామంతుడొక్కడు లేడు. పైగా ఏ పూట పొగ ఆలస్యమైనా అత్తగారి కంఠం మోగేది: "ఆడది తిరిగే ఇల్లు కంపు కొడతాదేటి? కొట్టిందంటే అది సేప కంపు కాదు, ఆడదాని ఒళ్ళుబరువు కంపు." అత్తగారు పోయినా మాట ఇంట్లోనే ఉండిపోయింది. గుగ్గిలానికి లొంగని వాసన అదొక్కటే.

అరవై ఎనిమిదో సంవత్సరం వానలకు ముందు, సాలూరులో ఇచ్చిన కూతురు దేముడమ్మ తొలిపురుటికి పుట్టింటికి వచ్చింది. కూర్మమ్మ మొగుణ్ణి అడిగింది.

"మావా, లోపలిగది కాళీ సెయ్యి. కిటికీ ఉన్నది అదొక్కటే గదా, పిల్ల పురుడు అందులో పోస్తాను. సరుక్కి దొడ్లో పాకేసుకో."

"వానల్లో సరుకు బయటెడతానేటే? పిల్ల నడవలో తొంగుంటాది. నువ్వున్నావు గదా, ఇంకో గుప్పెడు గుగ్గిలం ఎక్కువెయ్యి."

ఆ చివరిమాటను సూరయ్య మెప్పుగానే అన్నాడు. కూర్మమ్మ మాత్రం చేతిలో చేటతో అలాగే నిలబడిపోయింది. నువ్వున్నావు గదా. ఇన్నేళ్ళుగా తాను చేపతో యుద్ధం చేస్తున్నాననుకుంది. చేసింది కాపలా. తన పొగ రోజూ లేచింది కాబట్టే గంపలు ఒక్కరోజూ కదలలేదు. కాపురానికి వచ్చిన ఏడే ఆ కంపు యజమాని ముక్కుకు తగిలి ఉంటే దొడ్లో పాక ఆ ఏడే లేచేది. కళ్ళు మండించుకుని, మొగలిముళ్ళకు నెత్తురు ధారపోసి, తాను కట్టిన కోటలో తనకు చోటు లేదు. అందులో నెత్తళ్ళు నివసిస్తున్నాయి, రాణీవాసంతో సహా. ఇప్పుడు ఆ కోట గుమ్మం బయట, నడవలో, తన కూతురు ప్రసవించాలి.

ఆమె ధూపపు మూకుడు కడిగి అటక మీద బోర్లించింది. వంట మానలేదు, నీళ్ళు మోయడం మానలేదు. గాలి పని మాత్రం మానేసింది.

అంతలో వానలు దిగాయి. గంపల్లో చెమ్మ చేరింది. కంపు ముందు లోపలిగదిని, తరవాత నడవను, తరవాత సూరయ్య భోజనపు పీటను జయించి, చివరికి అరుగు మీద పట్టాభిషేకం చేసుకుంది.

"ఏటే ఇది? ఎక్కడో ఏటో సచ్చినట్టున్నాది!"

"ఏదీ సావలేదు మావా. మన సరుకే."

"మన సరుకు వాసన రాదే!"

"ఇన్నాళ్ళూ నేను రానీలేదు."

కూతురి మాటే కష్టమైంది. "అమ్మా, కడుపులో తిప్పతన్నాది. కాసింత పొగెట్టవే," అంది దేముడమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. కూర్మమ్మ చెయ్యి అటక దాకా వెళ్ళింది. వెళ్ళి, దిగింది. "ఓర్సుకో తల్లీ. ఇయ్యాల పొగెడితే నీ పురుడు నడవలోనే," అని కూతుర్ని గాలి ఆడే అరుగు చివర కూర్చోబెట్టి వీపు రాసింది.

ఒకనాడు వియ్యంకుడు సోములు కోడల్ని చూడ్డానికి సాలూరు నుంచి సొంత లారీలోనే వస్తున్నాడని కబురొచ్చింది. సూరయ్యకు కాలు నిలవలేదు.

"పొగెట్టే!"

"పెట్టను."

కాపురంలో ఆ మాట సూరయ్య వినడం అదే మొదలు. ఆయన వీరావేశంతో తానే మూకుడు దించి, నిప్పులు పోసి, చేతికందిన కొబ్బరిపీచు వేశాడు. అది గంప అడుగున పరిచిన పీచు. నెత్తళ్ళ పొట్టూ తలలూ దానికి దండిగా అంటుకుని ఉన్నాయి. క్షణంలో ఇల్లంతా చేపలు కాల్చిన ఘుమఘుమ వ్యాపించింది. వీధిలోని పిల్లులన్నీ అరుగెక్కి కొలువుతీరాయి. సోములు వాటిని తొక్కకుండా గెంతుతూ లోపలికొచ్చాడు.

"ఏటి బావా, నా ఇందుబోజనానికి పిల్లుల్ని కూడా పిలిసీసేవా?"

నడవలో చాప మీద కోడల్నీ, కిటికీ దగ్గర గంపల్నీ చూసేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"మా ఊళ్ళో సరుకు పాకలో ఉంటాది, మనుషులు ఇంట్లో ఉంటారు. పిల్లని తీసుకుపోతాను బావా. పురుడు మేమే పోసుకుంటాం."

తొలిపురుడు పుట్టింట జరగకపోతే ఊళ్ళో తలెత్తుకోలేరు. కూర్మమ్మ నిప్పుల మూకుడు వైపు చూసింది. ఒక్క గుప్పెడు గుగ్గిలంతో ఇప్పుడైనా ఇదంతా సర్దుకుంటుంది.

"రేపటికి వాసన పోతాది బావా," అన్నాడు సూరయ్య కంగారుగా. "దీనికి ఈమద్దెన ఒళ్ళుబరువెక్కింది."

కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"వాసన పోదన్నయ్యా. గంపలు పోవాల. గది కాళీ అయితే పిల్ల ఇక్కడే ఉంటాది. లేదంటే తీసుకుపోండి. దాంతోపాటు నేనూ లారీ ఎక్కుతాను, పురుడు అక్కడే పోస్తాను."

సూరయ్య పెళ్ళాం ముఖం చూశాడు. అందులో బేరానికి చోటు కనబడలేదు. నిప్పుల్లో పీచు ఇంకా చిటపటలాడుతోంది. రేపటి పొయ్యి ఎవరు వెలిగిస్తారన్నది ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. పంచె ఎగదోపి మొదటి గంప ఎత్తాడు. రెండోది సోములు ఎత్తాడు. దొడ్లో నాలుగు వాసాలు పాతి, పైన లారీ టార్పాలిను కప్పారు. ఆఖరి గంప కదిలేసరికి గోడలో కిటికీ బయటపడింది. రెక్క తెరవగానే సముద్రపు గాలి ఎవరి అనుమతీ అడక్కుండా లోపలికొచ్చింది.

"సరే, నీ పంతమే నెగ్గింది," అన్నాడు సూరయ్య, చెమట తుడుచుకుంటూ. "పురుడయ్యాక సరుకు మళ్ళీ లోపలికే. ఇన్నావా?"

కూర్మమ్మ చాప దులిపి, కిటికీ కింద పరిచింది.

"పురుడయ్యాక పిల్ల సాలూరు పోతాది మావా. ఈ గదిలో నేను తొంగుంటాను."