తలుపు కాడ సుసన్నా

క్రిస్మస్‌కు ముందు వచ్చే శనివారం, పొద్దు గూకంగనే గోదావరిఖనిలోని మా చర్చి ఆవరణలో తెల్లదుప్పటి కడతారు. చాపలు పరుస్తారు. సారవ్వ అందరికంటే ముందొచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఎలక్ట్రీషియన్ మక్సూద్ ప్రొజెక్టరు తుడుస్తాడు. అయ్యగారు చిన్న ప్రార్థన చేస్తారు. ఆమెన్ అన్నామో లేదో, సినిమా మొదలు.

ఏ సినిమా అంటారా? ముప్పై ఏండ్ల కింద ఇక్కడనే తీసిన “మొదటి షిఫ్టు”. హీరో టిమోతి నిజంగానే బాయిలో బొగ్గు పని చేసే మనిషి. హీరోయిన్ సుసన్నా బడి టీచరు. ఇద్దరికీ నటించడం రాదు. ఆ అవసరమూ పడలేదు. టిమోతి టిఫిన్ డబ్బా పట్టుకొని నడిస్తే చాలు, సుసన్నా తలుపు పట్టుకొని చూస్తే చాలు. ఆ వేషాల కోసమే దేవుడు వాళ్ళను పుట్టించాడని ఊరంతా నమ్మకం. ఇప్పటికీ షేర్ ఆటోల వెనక వాళ్ళ బొమ్మలే.

వేషాలు అంతగా అతికాయి కనుక, తెర మీద కూడా ఇద్దరికీ ఏటేటా వయసు పెరుగుతూ వచ్చింది. టిమోతికి కళ్ళజోడొచ్చిన ఏడే సినిమాలోనూ వచ్చింది. సుసన్నా జుట్టు అక్కడా ఇక్కడా కలిసే నెరిసింది. ఒక ఏడు తెర మీద టిమోతి కుంటుతుంటే సారవ్వ చూసి, “ఏందిరా, మోకాలు సూపిచ్చుకోలే? జల్ది దవాఖానకు పో!” అని కసిరింది.

ఆఖరి సీను అందరికీ కంఠతా. హీరో డ్యూటీకి పోతుంటాడు. గడపలో నిలబడ్డ హీరోయిన్ పిలవబోయి, నోరు మూసుకుంటుంది. బాయికి పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు కదా! బైబిలు వాక్యంలో ఎక్కడా లేని మాటే. అయినా మా ఊళ్ళో అయ్యగారి భార్య కూడా పాటిస్తుంది. హీరో మలుపు తిరుగుతాడు. సినిమా అయిపోతుంది.

బయటా అదే కథ. టిమోతి ఇన్నేండ్లూ సుసన్నా ఇంటి ముందు నుంచే డ్యూటీకి నడిచాడు. పిలిస్తే ఆగుదామని అతను. డ్యూటీకి పోయేవాణ్ణి ఎట్లా పిలవాలని ఆమె. ఇద్దరికీ పెండ్లిళ్ళు కాలేదు.

ఈ ఏడు టిమోతి రిటైరయ్యాడు. సోమవారం క్వార్టర్ ఖాళీ చేసి, కమాన్‌పూర్‌లో తమ్ముడింటికి పోతున్నాడు.

“సామాన్ కట్టినవా, టిమోతన్నా?” మక్సూద్ అడిగాడు.

“కట్టిన. మంచమొక్కటే మిగిలింది.”

“బొమ్మ ఈడ, నువ్వు ఆడ. ఎట్లనే?”

“బొమ్మకు బువ్వ ఫికర్ లేదు గద.”

వెనక చాప మీద సుసన్నా కొంగు సర్దుకుంది. ఆ మాట విన్నది.

ఆఖరి సీను వచ్చింది. తెర మీద నెరిసిన జుట్టుతో టిమోతి పోతున్నాడు. చేతిలో డబ్బా లేదు, తల మీద టోపీ లేదు. గడపలో సుసన్నా పిలవబోయి, అలవాటు కొద్దీ నోరు మూసింది.

సారవ్వ లేచి నిలబడింది. “ఓ టీచరమ్మా! వాని చేతిల డబ్బేది? ఇంకేడి డ్యూటీ, బిడ్డా? పిలువు!”

అందరూ నవ్వారు. తెర మీది సుసన్నా ఆ ఖాళీ చేతుల వంక చూసింది. అప్పుడే వినబడింది.

“ఇగో... జర చాయ్ తాగి పోరాదుండ్రి.”

తెర మీద నుంచి వచ్చిందా, వెనక చాప మీద నుంచా? రెండు దిక్కుల నుంచీ వచ్చింది. తెర మీద టిమోతి మలుపు దగ్గర ఆగాడు. చాప మీద టిమోతి వెనక్కి తిరిగాడు.

సినిమా అయిపోవలసిన చోట ఆగలేదు. తెర మీద వాళ్ళిద్దరూ గడప మీద కూర్చొని చాయ్ ఊదుకుంటుంటే, మక్సూద్ ప్రొజెక్టరు ఆపడం మరిచి చూస్తుండిపోయాడు.

మరునాడు ఆరాధనలో అయ్యగారు పెండ్లి ప్రకటన చదివారు. సోమవారం ట్రాలీ ఆటో కమాన్‌పూర్ దాకా పోలేదు. మంచం సుసన్నా వరండాలో దిగింది. పెండ్లి కాకుండా ఆ గడప తొక్కొద్దని సారవ్వ గట్టిగా చెప్పడంతో, మనిషి మాత్రం మక్సూద్ ఇంట్లో దిగాడు.

డ్యూటీ లేకున్నా, టిమోతి రోజూ పొద్దున్నే ఆ ఇంటి ముందు నుంచి మెల్లగా నడుస్తాడు, వెనక నుంచి పిలిపించుకోవడానికి.