రింగు మధ్యలో బలరేఖలు

సకల జనుల సమ్మె మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి ప్రెస్సు నుంచి సెకండియర్ ఫిజిక్స్ మెటీరియల్ వచ్చింది. ఫిజిక్స్ లెక్చరర్ ఆనంద్ కుమార్ స్టాఫ్ రూములో కూర్చుని ఒక కాపీ తిరగేస్తున్నాడు. వంపు తిరిగిన తీగల మీద విద్యుదావేశం పరుచుకుని ఉంటే బలరేఖలు ఎలా గీయాలన్న పాఠం దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. ధనావేశం ఉన్న సన్నని రింగు బొమ్మ అది. రింగు బయట గీతలు నలువైపులా పోతున్నాయి. లోపల ఒక్క గీత కూడా లేదు. కింద 'లోపల క్షేత్రం సున్నా' అని అచ్చు వేశారు.

పాఠం రాసింది లలితకుమారి. అతని కంటే చాలా సీనియర్. తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన మనిషి. ఆనంద్‌ది చౌటుప్పల్ దగ్గర పల్లె, మీర్‌పేట్‌లో కిరాయికి ఉంటున్నాడు. ఇద్దరి టేబుళ్లూ పక్కపక్కనే.

"మేడమ్, గీ బొమ్మల జర తేడా ఉన్నట్టుంది. సెంటర్ల ఒక్క పాయింటే కద జీరో. లోపలంత ఎట్లయితది?"

ఆవిడ పేపర్లు దిద్దుతూనే, "లోపల సున్నాయేనండీ, ఏళ్ల తరబడి చెబుతున్నదేగా" అంది.

"అది షెల్లుకు మేడమ్, గుల్ల బంతికి. ఇది రింగు."

"ప్రింటయిపోయింది ఆనంద్ గారూ. ఇప్పుడేం చేస్తాం చెప్పండి." గంట కొట్టడంతో ఆవిడ చాక్‌పీసు పెట్టె తీసుకుని క్లాసుకి వెళ్లిపోయింది.

ఎదురు కుర్చీలో కూర్చున్న కెమిస్ట్రీ లెక్చరర్ భిక్షపతి అంతా విన్నాడు. "తప్పే కద తమ్మీ?" అని అడిగాడు. ఆనంద్ తప్పేనన్నాడు. ఆ ఒక్క మాటా చాలింది. సాయంత్రానికి స్టాఫ్ రూము రెండుగా చీలింది. ఆంధ్రోళ్లు రాసిన పుస్తకం ఇట్లనే ఉంటదని కొందరన్నారు. వీళ్లు ఫిజిక్సులో కూడా ఉద్యమం చేస్తున్నారని మిగతావాళ్లు అన్నారు. లెక్కల చక్రపాణి నేరుగా ఆనంద్ దగ్గరికే వచ్చి, "ఏదైనా ఉంటే మేనేజ్‌మెంటుతో తేల్చుకోండి సార్, ఆవిడ జోలికెందుకు?" అన్నాడు. ఇంతమందిలో ఒక్కరైనా ఆ పేజీ తెరిచి చూడలేదు.

ఆనంద్‌కి ఒళ్లు మండింది. తెలంగాణ రావాలని కోరుకునేవాడే అతను. ఎల్బీ నగర్ దీక్షా శిబిరంలో కూర్చున్నవాడే. కానీ ఇది ఆ గొడవ కాదు, రింగు సంగతి. ఆ మాట చెబుదామంటే వినేవాళ్లు లేరు.

సమ్మె మొదలైంది. కాలేజీ మూసేశారు. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియడం లేదు. అలాంటి ఒక మధ్యాహ్నం భిక్షపతి ఫోన్ చేశాడు.

"రేపు శిబిరం కాడ నువ్వు మాట్లాడాలె. ఆ పుస్తకం తీస్కరా. మన పిల్లలకు ఏం నేర్పిస్తున్నరో మైకుల చెప్పు. సరైన బొమ్మ చార్టు మీద పెద్దగ గీసుకొని రా."

"చూస్త అన్నా" అన్నాడు ఆనంద్.

చార్టు నేల మీద పరిచి రింగు గీశాడు. బయటి గీతలు సులువుగానే వచ్చాయి. లోపలి గీతలు సైకిలు పుల్లల్లా మధ్యకు లాగాడు. అన్నీ వచ్చి ఒక్కచోట కుప్పపడ్డాయి. అక్కడ అతనికి చెయ్యి ఆడలేదు. ధనావేశం దగ్గర పుట్టిన రేఖ రుణావేశం దగ్గర ముగియాలి, లేదా అంతం లేకుండా సాగిపోవాలి. ఈ మధ్యలో ఏ ఆవేశమూ లేదు. మరి ఇన్ని రేఖలూ వచ్చి ఏమైపోయినట్టు? చెరిపి పక్కకు వంచాడు. ఎడమకే ఎందుకు వంగాలి, కుడికి ఎందుకు వంగకూడదు? మళ్లీ చెరిపాడు. చెరిపి చెరిపి చార్టు మధ్యలో కాగితం లేచిపోయింది.

శిబిరంలో ఎవరూ ఈ ప్రశ్న అడగరని అతనికి తెలుసు. ఆ సంగతే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే చార్టు చుట్టుకుని బండి మీద కొత్తపేట వెళ్లాడు.

లలితకుమారి భర్త రామమోహనరావు తలుపు తీశాడు. చంకలో చార్టు చూసి తలుపు మీద చెయ్యి తియ్యలేదు.

"కాలేజీల పనిచేస్త సార్, ఆనంద్ కుమార్. మేడమ్‌ను ఒక డౌట్ అడుగుదామని."

"డౌటేనా, గొడవా?"

"రానివ్వండి" అంది ఆవిడ లోపలి నుంచి.

భోజనాల బల్ల మీద ఆవిడ ముందు కూడా కాగితాలున్నాయి. ముందుగా ఆవిడే మాట్లాడింది.

"కూర్చోండి. రింగు లోపల, సెంటరుకి కాస్త పక్కన ఒక పాయింటు పెట్టి చూశాను. అక్కణ్నుంచి రెండు వైపులకీ ఒకే కోణంలో గీతలు గీస్తే దగ్గర ముక్క చిన్నది, దూరం ముక్క పెద్దది. షెల్లులో అయితే ముక్క వైశాల్యం దూరం వర్గం కొద్దీ పెరుగుతుంది, బలం వర్గం కొద్దీ తగ్గుతుంది. అక్కడికక్కడ సరిపోతుంది. రింగులో ముక్క పొడవు ఉత్త దూరం కొద్దీ పెరుగుతుంది. కాబట్టి దగ్గర ముక్క బలమే ఎక్కువ, సెంటరు వైపు నెడుతుంది. మీరన్నదే రైటు."

సంతోషించాల్సిన మాటే. ఆనంద్ చార్టు విప్పి ఆవిడ ముందు పరిచాడు.

"నాది గూడ రైటు కాదు మేడమ్. సెంటరుకు తెచ్చిన. ఆడికెళ్లి యాడికి వోతయో సమజయితలేదు."

ఆవిడ చార్టు తన వైపు తిప్పుకుంది. తర్వాత చేతి గాజు ఒకటి తీసి కాగితం మీద పెట్టింది. కాగితాన్ని కంటి ఎత్తుకి లేపి గాజు మధ్యలో పెన్సిల్ నిలబెట్టింది.

"మనం పైనుంచి చూస్తున్నాం కదా, అందుకే కనబడట్లేదు. మధ్యకు వచ్చిన రేఖలు ఇలా పైకి కొన్ని, కిందికి కొన్ని పోతాయి."

ఆనంద్ ఆ పెన్సిల్ అందుకున్నాడు. పక్క నుంచి చూస్తే గాజు రెండు చుక్కలుగా కనిపిస్తుంది. రెండు చుక్కలు పెట్టి, వాటి నుంచి ఎదురెదురుగా వచ్చే రేఖలు మధ్యలో ఒకదాన్నొకటి తాకకుండా పైకీ కిందికీ వంగేలా గీశాడు.

"రెండు పాజిటివ్ చార్జీల బొమ్మనే మేడమ్, అచ్చం."

"అచ్చం కాదు, దాదాపు" అంది ఆవిడ, నవ్వుతూ.

రామమోహనరావు టీ తెచ్చి పెట్టాడు. "ఇంతకీ తప్పెవరిది?" అని అడిగాడు.

"ఇద్దరిదీ" అంది లలితకుమారి.

టీ తాగుతూ ఆనంద్ శిబిరం సంగతి చెప్పేశాడు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "తప్పున్న మాట నిజమేగా. మీరు చూపిస్తే కాదనలేను" అంది.

"తప్పు పిల్లలకు చెప్పాలె మేడమ్. మైకుల చెప్తే ఎవలికి సమజయితది?"

మధ్యాహ్నం శిబిరంలో అతను మైకు పట్టుకుని ఏళ్ల తరబడి భర్తీ కాని లెక్చరర్ పోస్టుల గురించి మాట్లాడాడు. తనతో పాటు పీజీ చేసి పెద్ద అంబర్‌పేట్‌లో ఆటో నడుపుతున్న స్నేహితుడి గురించి చెప్పాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. దిగి రాగానే భిక్షపతి పక్కకు పిలిచాడు.

"చార్టు ఏది?"

"నా బొమ్మ గూడ తప్పయింది అన్నా."

"ఈడ ఎవడు జూస్తడు తమ్మీ?"

"అందుకే తీస్కరాలే."

భిక్షపతి మైకు వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు అతనితో ముక్తసరిగానే ఉన్నాడు.

సమ్మె ఆగి కాలేజీ తెరిచాక లలితకుమారి మొదటి క్లాసులోనే ఆ పేజీ తీయించి బొమ్మ కొట్టేయించింది. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు బొమ్మలు బోర్డు మీద వేసింది. తప్పు తనదేననీ, ఆనంద్ సారు చూపించారనీ చెప్పింది. పిల్లలు రాసుకుంటూ ఉండగా తేజస్విని అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, రింగుని సగానికి కోసేస్తే?"

ఆవిడ అర్ధవృత్తం గీసి కాస్త ఆలోచించింది. తర్వాత పక్క సెక్షన్‌కి కబురు పంపింది. ఆనంద్ చేతులకి చాక్‌పీసు పొడితోనే వచ్చాడు. బొమ్మ చూసి, "సెంటర్ల ఈసారి జీరో రాదు మేడమ్" అన్నాడు. లోపలి రేఖలు ఎక్కడి నుంచి వంగి, తెరిచి ఉన్న వైపు పోతాయన్న దాని మీద ఇద్దరికీ వాదన మొదలైంది. ఒకరు గీసింది ఇంకొకరు చెరుపుతున్నారు. గంట కొట్టేశారు. తర్వాతి పీరియడ్ చక్రపాణిది. గుమ్మంలో కొంచెంసేపు నిలబడి చూశాడు. లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చుని, "చివర్ల దగ్గర రేఖలు గీయలేదేమండీ?" అని అడిగాడు.