ముందుగాల కడగని చేతులు

పాన్‌గల్ దవాఖానలో మంత్రసానులకు మూడు రోజులు పని నేర్పిన ఏడాది, 2004లో, నాగేంద్రమ్మకు అరవై దాటాయి. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసింది తానేనన్న ధీమాతోనే ఒంటిగా నెట్టుకొస్తోంది.

మొదటి రోజు నర్సు సుహాసిని అందరి చేతులకూ నీలం కలిపిన నూనె పూసి, కండ్లు మూసుకొని కడుక్కోమంది. నాగేంద్రమ్మ గట్టిగానే రుద్దుకుంది. తీరా చూస్తే గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొటనవేలి వెనక నీలం అట్లనే ఉంది.

"రంగు గాబట్టి కనవడ్డది. పురుగులు కనవడయి అవ్వా. గవి బొడ్డుకు అంటితే చీము వడ్తది, పసిపాణం పోతది. తల్లికి జరమొస్తది. నువ్వు సబ్బు ఎప్పుడు పెడ్తవ్?"

"కాన్పు చేసినంక. ఇంటికి వోయి తలకు గూడ పోసుకుంట."

"మరి ముందుగాల?"

నాగేంద్రమ్మ నీలం మిగిలిన గోళ్లు చూసుకుంది. కాన్పు మైల కాబట్టి తర్వాత కడుక్కోవాలి. ముందు కడుక్కోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకూ తోచలేదు.

సాయంత్రం ఊరికి పోయే బస్సులో బాలమణి యాదికొచ్చింది. పద్దెనిమిదేండ్ల కింద బాలమణికి నొప్పులు వచ్చాయని కబురొచ్చినప్పుడు తాను గోడకు పిడకలు కొడుతోంది. చేతులు కొంగుకు తుడుచుకొని ఉరికింది. మగపిల్లవాడు పుట్టాడు. ఐదో రోజుకు బొడ్డు ఎర్రబడి చీము కారింది, తొమ్మిదో రోజు కన్ను మూశాడు. ఆ తొమ్మిది రోజులూ బాలమణి కాగిపోయే జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉంది. పసివాడికి పట్టించిన ఆమె పాలే విషమయ్యాయని అత్త సావిత్రమ్మ అంది. మళ్లీ కడుపు పండలేదు. మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. బాలమణి అదే ఊళ్లో తల్లిగారింట్లో, తల్లిదండ్రులు పోయాక కూడా, ఒక్కతే ఉంటోంది.

శిక్షణ ముగిసిన మరునాడు నాగేంద్రమ్మ ఆమె గడప ముందు నిలబడింది. బాలమణి జొన్నలు చెరుగుతోంది. నాగేంద్రమ్మ దాచకుండా అంతా చెప్పింది.

"నీ పాలల్ల ఏం దోషం లేకుండె బిడ్డా. నా చేతులల్లనే ఉండె."

బాలమణి చేట కింద పెట్టింది.

"అందరు అంటే నేను గూడ నమ్మిన పెద్దమ్మా," అంది. "గీ పద్దెనిమిదేండ్లల్ల ఒక్క పిల్లను చంకకెత్తుకోలే. నేను ముట్టుకుంటే ఏమయితదో అని." మాట పూర్తికాకముందే లేచింది. "గిది నాతోని చెప్పేది గాదు. నడువు, మా అత్తతోని చెప్పు."

సావిత్రమ్మ వాకిట్లో నలుగురు ఆడవాళ్లు వేరుశెనగ కాయలు ఒలుస్తున్నారు. వాళ్లందరి ముందర నాగేంద్రమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

"అయితే నా మనుమణ్ణి నువ్వే సంపినవా?" సావిత్రమ్మ లేచి నిలబడింది.

"తెల్వక చేసిన అక్కా. అయినా చేసింది నేనే. బాలమణిని అనకుండ్రి."

ఎవరూ తల ఎత్తలేదు. బాలమణి కొంగు నడుముకు దోపుకొని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాగేంద్రమ్మను కాన్పుకు పిలిచినవాళ్లు లేరు. నొప్పులు మొదలైతే ఆటో మాట్లాడుకొని వనపర్తికి పోతున్నారు. పోవాల్సిందే, ఆమె అదే చెప్పేది కూడా. కాని నీళ్ల పంపు దగ్గర ఆమె రాగానే మాటలు ఆగేవి. తన చేతుల్లో పుట్టిన పిల్లల తల్లులే బిందెలు ఎత్తుకొని జరిగేవారు. అంత పెద్ద ఊళ్లో ఆమెతో పలికేవి కోళ్లు మాత్రమే అయ్యాయి.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం బాలమణి వచ్చింది. పీట వేస్తే కూర్చోలేదు, గడప మీదనే కూలబడింది.

"నిన్ను మాఫ్ చేస్తందుకు రాలే," అంది.

"తెల్సు బిడ్డా."

"గా తొమ్మిది దినాలు నాకు సోయి లేకుండె. వాని మొకం యాదికొస్తలేదు. అడుగుదామంటే నన్ను గన్న మా అవ్వ లేదు, మా అత్త చెప్పది. నువ్వు చూసినవ్ గద. ఎట్లుండె?"

నాగేంద్రమ్మ కండ్లు తుడుచుకొని తలచుకుంది. తలనిండా ఒత్తుగా వెంట్రుకలు. ఎడమ చెవి కొస కొద్దిగా మడతపడి ఉండేది. ఏడిస్తే కింది పెదవి మొదట వణికేది. స్నానం పోస్తుంటే తన వేలు పట్టుకొని వదలలేదు. ఒక్కొక్కటే చెప్పింది.

"పెద్దగ ఏడుస్తుండెనా?"

"లే. జర మెల్లగనే ఏడుస్తుండె."

బాలమణి ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా కూర్చొని, చీర దులుపుకొని లేచి పోయింది.

మరుసటి రోజు, ఆ తర్వాత చాలా రోజులు నాగేంద్రమ్మ మధ్యాహ్నాలు తలుపు తెరిచి పెట్టి కూర్చుంది. వాడి గురించి ఇంకొన్ని గుర్తొచ్చాయి. కాని బాలమణి మళ్లీ రాలేదు.