మూడు ల్యాబులు బంద్ పెట్టిన పొద్దు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల మాధవ రావు సారుకు మూడు రక్తపరీక్షల ల్యాబులున్నయి. చదువు అయినంక ఆయన బిడ్డ నవ్య వాటి పెత్తనం తీసుకున్నది. అండ్ల కంప్యూటర్ల పని చూసేది శ్రీశైలం. రిపోర్టు సీదా పేషెంటు ఫోన్‌కే పోయేటట్టు కొత్త సాఫ్ట్‌వేర్ తెద్దామన్నది ఆయనే. మూడు చోట్ల ఒక్కసారే పెడదామని పట్టువట్టింది గూడ ఆయనే.

పెట్టిన వారానికి, సోమవారం పొద్దుగాల, కోరుట్ల ల్యాబుల పనిచేసే వసంత ఫోన్ చేసింది. దేవయ్య అనే పెద్దమనిషి షుగర్ పరీక్షకు రక్తమిస్తే ఆయన పేరు మీద థైరాయిడ్ రిపోర్టు పోయిందట. శ్రీశైలం వెతికి చూస్తే అది సిరిసిల్లల ఒకామెది. నెట్ పోయి మళ్ల వచ్చినప్పుడు రెండు ఊర్ల రక్తం సీసాలకు ఒక్కటే నంబరు పడుతున్నది. ఇంకెన్ని గట్ల పోయినయో తెల్వది.

అసలే జ్వరాల కాలం. జగిత్యాల కౌంటరు ముంగట బెంచీలు చాలక జనం గోడలకు ఒరిగి నిలబడ్డరు. చప్పుడు చెయ్యకుండ సరిచేసుకుందాం, బయటవడితే ఇన్నేండ్ల పేరు పోతదని మాధవ రావు అన్నడు. నవ్య శ్రీశైలంను ఒక్కటే అడిగింది, ఇప్పుడు పోయే రిపోర్టు సరైందేనని చెప్పగలవా అని. చెప్పలేనన్నడు.

"అయితే మూడు చోట్ల ఆపుండ్రి" అన్నది.

కౌంటరు దాటి బయటికొచ్చి జనానికి తనే చెప్పింది. రిపోర్టులు తారుమారైనయి, డాక్టరును మళ్ల అడగకుండ వాటిని నమ్మకుండ్రి, పైసలు లేకుండ మళ్ల పరీక్ష చేస్తం, తొందరున్నోళ్లు వేరే ల్యాబుకు పోండ్రి అన్నది. కొందరు తిట్టిండ్రు. చానమంది లేచిపోయిండ్రు. ఆమె తల దించలేదు, గొంతు పెంచలేదు. పోయి కుర్చీల కూసోని, రిపోర్టు అందినోళ్లకు తనే ఫోన్లు కలిపింది.

నౌకరి పోయినట్టేనని శ్రీశైలం అనుకున్నడు. సాయంత్రం ఆమె రూములకు పోయి, తప్పు నాదే మేడం అన్నడు.

"సాఫ్ట్‌వేర్ నువ్వు చూపెట్టినవ్, అన్నా. మూడు చోట్ల అంటే సరే అన్నది నేను. అది నా తప్పు" అన్నది నవ్య. "ఫోన్‌కు రిపోర్టులు మళ్ల ఎప్పుడు షురు చెయ్యాల్నో నువ్వే చెప్పాలె. నేను తొందరపెట్టినా సరే, నువ్వు కాదంటే కాదు."

పెద్దోళ్లు అట్లనే అంటరనుకున్నడు శ్రీశైలం. ఆ శుక్రవారమే ఆ మాటకు పరీక్ష వచ్చింది. అప్పటికి ల్యాబులు తెరిచి, రిపోర్టులు కాయితం మీద రాసిస్తున్నరు. తమకు రోజూ పని పంపే సిరిసిల్ల దవాఖాన, రిపోర్టులు ఫోన్‌కు రాకపోతే వేరే ల్యాబు చూసుకుంటమన్నది. నవ్యే ఆయన దగ్గరికొచ్చి రేపు మొదలుపెడదామా అన్నది. నంబర్ల గోల ఇంకా పూర్తిగ తెగలేదు.

"వద్దు మేడం" అన్నడు.

ఆమె మొఖంల చిరాకు సాఫుగ కనవడ్డది. అయినా అక్కడనే నిలబడి దవాఖానకు ఫోన్ చేసి, ఇంకా షురు చెయ్యం, కాయితం మీదనే ఇస్తమన్నది. వాళ్లు వేరే దిక్కు పోయిండ్రు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

అంతా సరైనంక ముందు ఒక్క కోరుట్లలనే మొదలుపెట్టిండ్రు. అనుమానమొస్తే నువ్వే ఆపు, నన్ను అడగకని శ్రీశైలం వసంతకు చెప్పిండు. రెండో రోజే ఆమె ఆపింది. శ్రీశైలం ఉరుక్కుంట పోయి చూస్తే ఏ తప్పూ లేదు.

"మంచిగ చేసినవ్" అన్నడు, కుర్చీ గుంజుకొని ఆమె పక్కన కూసుంట.