పడినవానికిఁ జేయి

శిశిరర్తువు తొలి దినములు. రాత్రియెల్ల సముద్రముమీఁదనుండి వీచిన చలిగాలికి బాదముచెట్లు పండుటాకులను రాల్చి దిసమొలలతో నిలిచియుండఁగా తెలవాఱకమునుపే వలలు భుజములఁ దాల్చి బయలువెడలిన జాలరుల పడవలు మంచుతెరల నడుమ నీడలవలె మెదలుచుండఁగా కోటబురుజుపై రెపరెపలాడవలసిన సంస్థానధ్వజము తేమచేఁ దడిసి కంబమునకుఁ జుట్టుకొని చలనములేక వ్రేలాడుచుండఁగా మువ్వలరేవునకు మఱియొక ప్రభాతము ప్రవేశించెను. నిత్యము నా వేళకు మల్లవీరుల భుజాస్ఫాలనధ్వనులతో దద్దరిల్లుచుండెడి కోటవెనుకటి గరిడి నాఁడు నిశ్శబ్దమై యుండెను. నువ్వులనూనెయుఁ బసుపును మజ్జిగయుఁ గలిపి తరతరములుగా నెందఱో జెట్టులు పిసికి మెత్తపఱచిన గోదామట్టిపై రాలిన యాకులను దీసివేయువారు సైతము లేకుండిరి.

ఆ గోదాగట్టుమీఁదఁ గూర్చుండి పిడికెడు మట్టి నరచేతఁ బట్టుకొని వాసన చూచుచున్నవాఁడు పైఁడినాయుఁడు. వాఁడు బాల్యముననే తలిదండ్రులను విశూచివలనఁ గోల్పోయి అచ్చన్న వస్తాదు చేతి యన్నముతోఁ బెరిగి యా వస్తాదు శిష్యులలో నగ్రగణ్యుఁడైనవాఁడు. శిలాస్తంభసన్నిభములైన యూరువులును గవాటవిశాలమైన వక్షమును గల యంతటివాఁడు మట్టి మూర్కొనుచుఁ గన్నీరు పెట్టుకొనుట చూచినవారికి నవ్వు రావచ్చును గాని వాని దుఃఖము నవ్వఁదగినది కాదు. గరిడిని గన్నబిడ్డవలెఁ బోషించిన పెద్దరాజావారు గతవర్షర్తువునఁ గాలధర్మము నొందిరి. చెన్నపట్టణమునఁ జదివి వచ్చిన చినరాజావారు గోదాను బూడ్పించి యచ్చోట టెన్నిసు ఆడుకొనుటకు నేలను జదును చేయింపఁ దలఁచిరి. పక్షవాతముచేఁ గాళ్లు చచ్చి గరిడిచావడియందే మంచము పట్టియున్న అచ్చన్న వస్తాదున కా గోదా తప్ప వేఱు లోకము లేదు. ఈ వార్త చెవినిఁ బడినది మొద లాతఁడు గంజి సైతము సరిగా ముట్టఁడయ్యెను.

పైఁడినాయుఁడు పోయి చినరాజావారి పాదములపై వ్రాలెను. చినరాజావారు క్రూరులు గారు. తండ్రిగారు ప్రేమించిన వస్తువులన్నిటిపైనను విసుగు చెందినవారు మాత్రమే.

"మట్టిలోఁ బొరలుట విద్య యని నేను నమ్మఁజాలను. పడమటివారి బాక్సింగే విద్య. నీ భుజబలము నిజమైనచో దానిని నేర్చుకొని ఫాల్గుణమున జరుగు నా పట్టాభిషేకోత్సవమందు రేవునకు వచ్చు బాక్సింగు నేర్చిన యోడదొరతోఁ దలపడుము. గెలిచితివా నీ గోదా నీకుండును. ఓడితివా మఱునాఁడే పూడ్పింతును," అనిరి.

దీపస్తంభమునకుఁ గావలియైన యోసేపు దొరల సేనలోఁ జేరి సముద్రములు దాఁటి మహాసంగ్రామమునుండి యొక చెవి పోఁగొట్టుకొని తిరిగివచ్చిన సిపాయి. బాక్సింగు నెఱిఁగినవాఁ డా ప్రాంతమున నాతఁ డొక్కఁడే. పైఁడినాయుఁడు పోయి యాశ్రయింపఁగా నాతఁడు దీపస్తంభము క్రింద నాలుగు గుంజలు పాతి యోడమోకులు చుట్టి తన క్రొత్త శిష్యుని లోపలికిఁ బిలిచెను.

"దీనిని రింగందురు. రింగనఁగా వలయము," అని యాతఁడు చెప్పఁగా నాలుగు మూలలు గల వలయము నెన్నఁడును జూచియుండని పైఁడినాయుఁడు తల యూఁచెను. గురువు చెప్పినదానికిఁ దల యూఁచుట గరిడిపిల్లలకుఁ బుట్టుకతో వచ్చిన విద్య. అర్థమైనదా కాలేదా యనుట వేఱు సంగతి.

"మొదట నిలుచుట నేర్వుము. ఎడమకాలు ముందు. కుడికాలు వెనుక. కుడిమడమ నేల నంటరాదు. గడ్డమును ఱొమ్మునకు దించుము. కుడిచేయి చెక్కిలికడ నుండవలెను. ఎడమచేయి కన్నులయెత్తున ముందుండవలెను. ఎడమచేయి తలుపు తట్టును. తలుపు తెఱచుకొన్నప్పుడు కుడిచేయి లోనఁ జొచ్చును."

"పట్టెప్పుడు పట్టవలెను?"

"పట్టు లేదు నాయుఁడా. నడుము పట్టరాదు. నడుమునకుఁ గ్రిందఁ గొట్టరాదు. చేయి పిడికిలిగానే యుండవలెను. తెఱచిన చేతితో నిచ్చటఁ బనిలేదు."

పట్టుటకే పుట్టినట్టి చేతులను మూసియుంచుట పైఁడినాయునికిఁ బ్రాణసంకటమయ్యెను. వంగి పోరుటకు నలవడిన వెన్ను నిటారుగ నిలువనన్నది. నేలను వేళ్లూని నిలుచుటకు నలవడిన పాదములు పిచ్చుకవలె గెంతుచుండుమనఁగాఁ దడఁబడినవి. దూలమునకు వ్రేలాడఁగట్టిన యిసుకమూటను వాఁడు పగలెల్ల గ్రుద్దుచుండఁగా యోసేపు ప్రక్కన నిలిచి గ్రుద్దు భుజమునుండి కాక పాదమునుండి పుట్టవలెననియు గ్రుద్దిన చేయి చాఁచినదారినే వెంటనే వెనుకకుఁ జెక్కిలికి రావలెననియు మంటపైఁ జేయిపెట్టిన వానివలె మరలవలెననియు బోధించెను. కొంతకాలమునకు వాని యెడమచేయి తలుపు తట్టుట నేర్చెను. కుడిచేయి దారి తెలిసికొనెను. వానికి నాశ పుట్టెను. ఆశ పుట్టుటయే వాని చేటునకు మూలమని యప్పు డెవ్వ రెఱుఁగుదురు.

యోసేపు మఱియొక నియమమును గూడఁ జెప్పెను. పడఁగొట్టినవాఁడు వెంటనే దూరపుమూలకుఁ దొలఁగిపోవలెను. వాఁడు తొలఁగిన పిమ్మటనే మధ్యవర్తి యంకెలు లెక్కించును. పది పలుకునంతలోఁ బడినవాఁడు తనంతఁ దాను లేవనిచో నోడినట్లు. ఆ యంకెలను యోసేపు దొరలభాషలో నేర్పెను. పైఁడినాయుఁడు వల్లించెను. తల యూఁచెను. కాని యిసుకమూట యెన్నఁడును బడదు. అందుచేత దూరపుమూలకుఁ బోవలసిన యవసర మా దీపస్తంభము క్రింద వాని కొక్కమాఱైనను గలుగలేదు.

ఉత్సవదినమున వాఁడు వస్తాదు మంచముకడకుఁ బోయి మోఁకరిల్లెను. వృద్ధుఁడు గోదామట్టిని వాని నొసట దిద్దెను.

"పోరు మనకుఁ గ్రొత్తది నాయనా. మర్యాద పాతదే. దానిని మఱవకుము," అనెను.

ఆ మర్యాద యేమో చదువరి యెఱుఁగవలెను. మువ్వలరేవు గరిడిలోఁ బడినవాఁడు తనంతఁ దాను లేవరాదు. గెలిచినవాఁడు చేయిచ్చి లేపవలెను. అటుపిమ్మట నిరువురును వంగి మట్టిని నొసటఁ దాల్చినఁగాని పోరు ముగిసినట్లు కాదు. ఇది పైఁడినాయుఁడు నడక నేర్చిన నాఁడే నేర్చినది.

కోటముంగిట పలకలు పఱచి త్రాళ్లు బిగించిన వేదికపై దూది గ్రుక్కిన తోలుతొడుగులు చేతులకుఁ దొడిగికొని వా రిరువురును నిలిచిరి. ఓడదొర పొడగరి. ఎఱ్ఱని జుట్టు గలవాఁడు. ముఖమునఁ గోపమేమియు లేదు. గంట మ్రోఁగినంతనే యాతని యెడమచేయి పైఁడినాయుని ముఖద్వారమును జుట్టము తట్టినట్లుగ మరల మరలఁ దట్టెను. మొదటి విడతలో నాయుని పెదవి చిట్లెను. రెండవ విడతలోఁ గన్ను వాచెను. మూఁడవదియుఁ గడపటిదియు నైన విడతలో మాత్రము యోసేపు మాటలు వాని పాదములకు జ్ఞాపకము వచ్చినవి. ఎడమచేయి తట్టెను. దొర గడ్డ మించుక యెత్తెను. పాదమునఁ బుట్టిన గ్రుద్దు తొడనెక్కి నడుముఁ జుట్టి భుజము దాఁటి కుడిపిడికిటఁ బ్రసవింపఁగా నోడదొర మోఁకాళ్లు మడిచి పలకలపైఁ గూలెను.

జనసముద్రము ఘోషించెను. మధ్యవర్తి దూరపుమూలను జూపి దొరలభాషలో నేమో యఱచెను. త్రాళ్లకావల యోసేపు "మూలకుఁ బొమ్ము నాయుఁడా, మూలకుఁ బొమ్ము" అని గొంతు చించుకొనుచుండెను. పైఁడినాయుని కవి యేవియు వినఁబడలేదు. వానికిఁ బడినవాఁ డొక్కఁడే కనఁబడెను. గరిడి నిలిచినదన్న యానందముతో నుబ్బి వాఁడు వంగి తొడుగుచేతిని జాఁచి దొరను లేవనెత్తెను. దిగ్భ్రమచెందిన దొర యా చేతి నూఁతగాఁ గొని నిలువఁబడి యూపిరి దీసికొనెను. మధ్యవర్తి లెక్క మొదలిడనే లేదు. మొదలిడని లెక్క ముగియునదెట్లు. ఆతఁడు పోరు సాగింపుఁడని సంజ్ఞ చేసెను.

పైఁడినాయుఁ డప్పటికి వంగియుండెను. మట్టికొఱకై చేయి దింపియుండెను. చేతికి మట్టి తగులలేదు. పలక తగిలెను. ఇదేమియని తలయెత్తిన వాని గడ్డముపై నోడదొర కుడిచేయి తన వృత్తిధర్మమును నెఱవేర్చెను.

వెల్లకిలఁ బడిన పైఁడినాయునికిఁ దెలివి తప్పలేదు. దొర దూరపుమూలకుఁ దొలఁగిపోవుట చూచెను. అంకెలు వినెను. ఒక్కొక్క యంకెయు యోసేపు నేర్పినదే కావున స్పష్టముగ నర్థమయ్యెను. లేచుటకు సత్తువయుఁ గలదు. అయినను వాని శరీరము లేవలేదు. పడినవాఁడు తనంతఁ దాను లేవరాదని యది యెఱుఁగును. వాఁడు చేయి పైకి జాఁచి యుండెను. ఎవ్వరేని వచ్చి పట్టుకొందురని చూచుచుండెను. ఎవ్వరును రాలేదు. పది వినఁబడెను.

చావడికి వచ్చిన శిష్యుని వాచిన ముఖమును వస్తాదు చూచెను.

"పడఁగొట్టలేకపోయితివా?"

"పడఁగొట్టితిని అయ్యా. లేపితిని."

వృద్ధుఁ డా మాటను మనసులోఁ ద్రిప్పుకొనెను. సర్వ మర్థమయ్యెను. "పోవునపుడు చెప్పినవాఁడను నేనే గదా," అని ముఖమును గోడవైపునకుఁ ద్రిప్పుకొనెను. "ఇఁక నెవ్వనికిని ఈ మర్యాద నేర్పకుము నాయనా."

పైఁడినాయుఁ డప్పుడును దల యూఁచెను.

చినరాజావారు మాట తప్పువారు గారు. మఱునాఁటి యుదయముననే కూలివాండ్రు గంపలతో సముద్రపుటిసుకను దెచ్చి గోదాలోఁ బోయ నారంభించిరి. పసుపుమట్టిపైఁ దెల్లని యిసుక పడుచుండఁగా గట్టుమీఁద నిలిచిన పైఁడినాయుని హృదయము లోలోపల నాఱిపోవుచుండెను. చావడిలో వస్తాదు ముఖ మింకను గోడవైపుననే యుండెను. అంతలో నొక ముదుసలి కూలివాఁడు నూనెమట్టిపైఁ గాలు జాఱి గంపతోఁ గూడ గోదానడుమఁ బడెను. తక్కినవారు పకపక నవ్విరి.

పైఁడినాయుఁ డేమియు నాలోచింపలేదు. వాని కాళ్లు తామే క్రిందికి దిగినవి. చేయి తానే చాఁచుకొన్నది. ముదుసలి యా చేతిని బట్టుకొని లేచి మోఁకాళ్లకంటిన మట్టిని దులుపుకొనెను.

"నీ చేయి చల్లగుండ బాబూ," అని దీవించి గంపను సరిచేసికొని యందు మిగిలిన యిసుకను గోదాలోఁ గ్రుమ్మరించి మఱియొక గంపకై గట్టెక్కి పోయెను. పైఁడినాయుఁడు చాఁచిన చేయి చాఁచినట్లే యా యిసుకలో నిలిచియుండెను.