ఒకటే పార్టిషన్

కొత్త సర్వరు డిస్కును ఎన్ని భాగాలు చెయ్యాలో కాగితం మీద గీసుకుంటున్నాడు ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే మనిషి. సిస్టమ్‌కు ఒకటి, అప్లికేషన్‌కు ఒకటి, డేటాకు ఒకటి. నాలుగో గడి గీసి, అందులో 'లాగ్‌లు' అని రాయబోయి ఆగిపోయాడు. ఆ గడి మూడేళ్ల కిందటే గీసి ఉంటే బావమరిది చేతికి ఐదు వేళ్లూ ఉండేవి.

మూడేళ్ల కిందట పెట్టిన పాత సర్వరుకు ఒకటే పార్టిషన్, అంటే డిస్కంతా ఒకటే భాగం. ఇన్ని ముక్కలు ఎవడు చేస్తాడని బద్ధకించి అంతా ఒకే దాంట్లో కుక్కినవాడు ఇతనే. లాగ్‌లంటే సర్వరు తాను చేసిన ప్రతి పనినీ రాసిపెట్టుకునే చిట్టా. అది పెరిగి పెరిగి డిస్కంతా మింగేసింది. పోయిన వారం, రేకులు నొక్కే నాలుగో నంబరు ప్రెస్సుకు చేతులు లోపలికి పోకుండా అడ్డుండే గార్డు వదులైందని సెన్సరు రెండు రోజులు మొత్తుకున్నా, ఆ మాట రాసుకోడానికి చోటు లేక సర్వరు సూపర్‌వైజరు ఫోనుకు ఒక్క కబురూ పంపలేదు. మూడో రోజు ప్రెస్సు దిగింది. ఇతని భార్య తమ్ముడికి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. కబురొచ్చినా పట్టించుకోలేదని అందరూ సూపర్‌వైజరునే తిట్టారు. ఇతను మాత్రం తేలు కుట్టిన దొంగలా వారం రోజులు నోరు మెదపలేదు.

కింద షెడ్డులో ఇనుము నేలకేసి కొట్టిన చప్పుడు, వెంటనే ఒక కేక. పై గది అద్దంలోంచి చూస్తే, వెల్డరు, అంటే ఇతని భార్య అన్న, సూపర్‌వైజరు జుట్టు పట్టుకుని మొహాన్ని ప్రెస్సు బల్లకేసి మోదుతున్నాడు. ముక్కు పగిలి చొక్కా తడిసింది. విడదియ్యబోయినవాడు మోచేతి దెబ్బకు దవడ పట్టుకుని కూలబడ్డాడు.

ఇతను కాగితం చేతిలో ఉండగానే మెట్లు దిగి పరుగెత్తాడు.

"ఒట్టు, నాకే కబురూ రాలేదు," అంటున్నాడు సూపర్‌వైజరు, నెత్తురు ఉమ్ముతూ.

వెల్డరు వినలేదు. సూపర్‌వైజరు చేతిని బల్ల మీద అదిమి సుత్తి ఎత్తాడు. "మా వాడికి మూడు పోయాయి. నీకూ మూడే."

కంప్యూటర్ల మనిషి ఇంకొక్క క్షణం ఊరుకుంటే తన వేళ్లు తనకుంటాయి. ఆ లెక్క కూడా వేసుకున్నాడు, సిగ్గులేని మనిషి.

"బావా, ఆగు. ఆయనకు నిజంగానే రాలేదు. పంపాల్సింది నా సర్వరు. డిస్కు నిండిపోయింది. లాగ్‌లకు వేరే చోటు పెట్టకపోవడం నా బద్ధకం."

సుత్తి గాల్లోనే ఆగింది. "వారం నుంచి ఆస్పత్రిలో వాడికి నీ చేత్తో అన్నం తినిపిస్తున్నావు కదయ్యా."

"అవును."

"ఆ చేత్తోనే?"

ఇతను బల్ల దగ్గరకు వచ్చాడు. కుడిచెయ్యి తానే బల్ల మీద పెట్టాడో, వెల్డరు లాగాడో తర్వాత ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. సుత్తి ఒకసారి దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండోసారి లేచిన చేతికి సూపర్‌వైజరు వేలాడి, "చాలు, ఇక చాలు," అన్నాడు. సుత్తి కిందపడింది. వెల్డరు కూడా దాని పక్కనే కూర్చుని ఏడ్చాడు.

అంబులెన్సు వచ్చేలోపు కంప్యూటర్ల మనిషి నేల మీద పడ్డ కాగితాన్ని ఎడమచేత్తో తీసి, నొప్పికి పళ్లు బిగించి, పెన్ను అడిగాడు. సాయంత్రానికి కొత్త సర్వరు ఎక్కించాలి. ఈ కాగితం లేకపోతే ఎక్కించేవాళ్లు మళ్లీ అంతా ఒకే దాంట్లో కుక్కుతారు. నాలుగో గడిలో రాయబోతే కాగితం జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది.

వెల్డరు లేచి వచ్చి కాగితం మూలను అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"రాయి," అన్నాడు.